దూజాకు చెప్పిన వాన

స్ఫాక్స్ పట్నంలో రేడియో పాత రికార్డుల సర్వర్లు చూసుకునే వజ్దీకి,

కెర్కెన్నా దీవి నుంచి దూజా టీచరు సలాం. మీ ఈమెయిల్ కూడా ఆ సర్వరులోనే పడుకుందట, అందుకే ఉత్తరం పొద్దుటి ఓడకిచ్చాను.

మా ఆయన సీ ముఖ్తార్ పోయారు. పంతొమ్మిదేళ్లు దీవి రేడియోలో జాలర్లకు గాలీ వానా చెప్పారు. ఆ రికార్డులన్నీ మీ దగ్గరే. ఇంకో పన్నెండు రోజుల్లో ఆయన్ని తలుచుకునే నలభయ్యో రోజు. ఇంటికొచ్చే జాలర్లకు ఆయన గొంతు వినిపించాలి.

నేను మాత్రం ఆయన కార్యక్రమం ఒక్కనాడూ వినలేదు. ఇంట్లో వినేది చాలదా? సముద్రమంతటికీ వాన చెప్పిన మనిషి నాకు చెప్పేవారు కాదు. దండెం మీద ఎండే ఆక్టోపస్ తడిసిపోయేది.

దూజా

తా.క.: నీకు లెక్కలు నేర్పింది నేనే. పరువు నిలుపు.

లల్లా దూజా గారికి,

మీ విద్యార్థి వజ్దీ సలాం చేసి రాసేది. కొత్త లినక్స్ వేసినప్పటి నుంచి సర్వరుకు డిస్కుల పెట్టె కనబడలేదు. రెండింటి మధ్యా మాట నడిపే ప్రోగ్రాము, డ్రైవర్ అంటాం, కొత్తదానితో పొసగలేదు. పాత డ్రైవర్ తెచ్చి వేస్తే రెండు డిస్కులు కనబడ్డాయి. రెండింటిలోనూ సీ ముఖ్తార్ గారే. ఒకటి నకలై ఉంటుంది. కానీ రెండూ నిండిపోయాయి. కుదించి దాచిన రికార్డులు విప్పడానికి చోటు లేదు. కొత్త డిస్కు రావడానికి మూడు వారాలు.

విధేయుడు, వజ్దీ

తా.క.: పరీక్షకని తొమ్మిది సెకన్లు నా కంప్యూటర్లోకి తీశాను.

నాయనా వజ్దీ,

నలభయ్యో రోజు నీ డిస్కు కోసం ఆగుతుందా? రెండున్నాయంటున్నావుగా, ఒకటి చెరిపి చోటు చేసుకో. ఒక్క ముఖ్తార్‌తోనే నలభై నాలుగేళ్లు వేగాను, ఇద్దరినేం చేసుకోను.

దూజా

తా.క.: భయమైతే టీచరు చెరపమందని రాసిపెట్టుకో.

లల్లా,

ఈ ఉత్తరం మూడుసార్లు చింపాను. డిస్కు ఒక్కటే. ఒకటి తెగినా ఇంకొకటి ఉంటుందని దానికి రెండు కేబుళ్లు వేశారు. రెండు దారుల చివరా ఉన్నది ఒకే డిస్కని సర్వరుకు చెప్పాల్సింది డ్రైవరే. పాతదానికి అది చేతకాదు. రెండింటి మీదా ఒకే నంబరు ఉంది, నేను చూడలేదు. చెరిపింది నకలు కాదు. పంతొమ్మిదేళ్లూ పోయాయి.

క్షమించమని అడిగే ముఖం లేని వజ్దీ

తా.క.: ఆ తొమ్మిది సెకన్లు పెన్‌డ్రైవ్‌లో పెట్టి పంపుతున్నాను. నాకు వినే ధైర్యం లేదు.

వజ్దీ,

ఒకటిని రెండని లెక్కపెట్టావు. లెక్క నేర్పింది నేనే, చెరపమన్నదీ నేనే. ఇద్దరికీ సున్నా.

మొన్న నలభయ్యో రోజుకి జాలర్లు వచ్చారు. కుస్కుస్ తిన్నాక నీ తొమ్మిది సెకన్లు పెట్టాను. అందులో గాలి మాట లేదు, అల మాట లేదు. ఒక దగ్గు. తర్వాత, "దూజా, వానొస్తోంది, ఆక్టోపస్ లోపలికి తీసుకో."

ముసలి హమ్మూదా నావైపు చూశాడు. "అదేంటి టీచరమ్మా, కొత్తగా వింటున్నట్టు ఆ చూపేంటి? వానున్న ప్రతి రోజూ చివర్లో అదే చెప్పేవాడుగా. నీ ఆక్టోపస్ లోపలికెళ్లిందంటే మేం పడవలు ఒడ్డుకు తిప్పేవాళ్లం."

ఇక ఒకరి తర్వాత ఒకరు ఆయన గొంతుతో అప్పజెప్పడం మొదలెట్టారు. దగ్గు కూడా వదల్లేదు. నేను పళ్లాలు తీయడానికి లేచాను.

ఏడుస్తూ కూర్చోకు. కొత్త డిస్కు రాగానే పట్టుకుని ఓడెక్కు. వీళ్లింకా బతికే ఉన్నారు.

దూజా

తా.క.: నిన్న వాన పడింది. పొద్దుటి నుంచీ రేడియో ముందే కూర్చున్నాను. నా పేరు ఎవరూ పిలవలేదు. ఆక్టోపస్ తడిసింది.