బరువు లేని కమ్మలు

రాజమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున నాంపల్లిలో మన దుకాణానికి ఒక ముసలమ్మ వచ్చింది. మనవరాలి పెండ్లికి బోసి చెవులతో ఎట్లా పోయేదని కండ్లనీళ్లు పెట్టుకుంది. నీలాగే ఆమె చెవి తమ్మెలు కూడా బరువు ఆపవు. నీకోసం పలుచని రేకుతో, లోపల బోలుగా చేసిన కమ్మలు గుర్తున్నాయా? అవే ఇప్పటికీ చేస్తున్నాను. ఒక జత ఇచ్చాను. ఆమె పెట్టుకొని, తల అటూ ఇటూ ఊపి, అద్దంలో చూసుకొని మురిసిపోయింది.

"ఏ ఉస్తాద్ దగ్గర నేర్సినవ్ బిడ్డా?"

"మా ఇంటామె దగ్గర."

"ఏంది, ఆమెకు గీ పని వస్తదా?"

"రాదమ్మా. చెవులు నొస్తున్నయని రోజూ నన్ను తిడుతుండె."

ముసలమ్మ పకపకా నవ్వి, "ఇంటికి పోయినంక ఆమెకు చెప్పు, ముసల్దాని మనసు నిండిందని" అన్నది.

"ఔ, చెప్త" అన్నాను. అందుకే ఈ ఉత్తరం.