తీయడం మరిచిన ఫిల్టరు

అమ్మా,

నేను కులాసా. జలుబు పూర్తిగా తగ్గింది.

మా ఆఫీసులోని మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటరు ప్రతి శాఖ లైనులో జరిగేదంతా లాగ్ అనే చిట్టాలో రాసుకుంటుంది. రోజుకి వేల వరుసలు. అన్నీ చదవలేక, ఫిల్టరు పెట్టి కావలసిన శాఖవే చూస్తాం. సోమవారం గోదాము శాఖ ఒక్కదానికే పెట్టిన ఫిల్టరు మంగళవారం తీయడం మరిచిపోయాను. తెర మీద చీమ చిటుక్కుమనకపోతే, "ఎక్కడా ఏ ఇబ్బందీ లేదండీ" అని మా సూపర్‌వైజరమ్మకి గొప్పగా చెప్పాను. అంతలో స్టేషను శాఖ నుంచి ఫోను, రెండు గంటలుగా లైను లేదని! ఆవిడ తిట్టలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని ఫిల్టరు తీయించింది. "ఒక్క గుమ్మంలో నిలబడి ఊరంతా బాగుందంటే ఎలాగమ్మాయ్? లైను మళ్లీ వచ్చిందని కనబడినా ఊరుకోకు, ఎప్పుడు పోయిందో వెనక్కి వెళ్లి చూడు" అంది.

ఆ మాట పట్టుకునే నీ మీదికి వస్తున్నాను. నీ కార్డుల్లో "అందరం క్షేమం" తప్ప ఇంకో ముక్క ఉండదు. చెల్లి మాత్రం మొన్న, "అమ్మ ఇప్పుడు గోడ పట్టుకోకుండా నడుస్తోంది" అని సంబరంగా రాసింది. అసలు గోడ ఎందుకు పట్టుకున్నావు? ఎప్పుడు పడ్డావు? ఏ కాలు? నాన్న కూడా ఈ కుట్రలో ఉన్నారా? ఆ కాలితో కుట్టుమిషను తొక్కకు, చెల్లిని తొక్కమను. జవాబు నువ్వే రాయి, జరిగిందంతా రాయి.

నాన్నకి నమస్కారాలు. నోరు జారినందుకు చెల్లికి రెండు ముద్దులు.

నీ పెద్దది

అంచున కాస్త చోటుంది కనుక నిజం రాస్తున్నాను. జలుబు తగ్గలేదు. ఇక నీ వంతు.