దారం పెట్టని కోటు

వూచ్ నగరం, మంగళవారం

అమ్మా, నేను కులాసా, దగ్గు తగ్గింది, కంగారు పడకు.

మా కుట్టుబడి పరీక్షకు తొడుక్కోవడానికి కాదు, ఒక ఆలోచన చూపించడానికి ఏదైనా కుట్టుకు రమ్మన్నారు. నేను ‘లేని మనిషి కోటు’ అనుకుని, పోయిన అమ్మమ్మ నారదుప్పటి కత్తిరించాను. గుడ్డలు తొడిగి చూసే దర్జీబొమ్మకు, ఆమె పాత జాకెట్టు కొలతలు వచ్చేలా దూది చుట్టి, దాని ఒంటిమీదే కోటు కుట్టేశాను. కుట్టు నేర్పే బొగుమిల గారు చూసి కసిరారు.

“ఒంటిమీద గుడ్డ కుడితే ఆ మనిషి నోట్లో దారం ముక్క పెట్టాలని తెలీదుటే? లేకపోతే జ్ఞాపకం కూడా కలిపి కుట్టేస్తావ్!”

“బొమ్మకి తలే లేదండీ, ఎక్కడ పెట్టను?”

“కొలతలెవరివి?”

చెప్పాను. ఆవిడ సిలువ గుర్తు వేసుకుని బయటికి వెళ్లిపోయారు.

కోటు బాగా కుదిరింది. ఎడమ భుజం అచ్చం అమ్మమ్మకు వాలినట్టే వాలింది. నేను అలా కత్తిరించలేదు.

ఉప్పు దోసకాయలు ఒక సీసా పంపు. నాన్న మోకాలు ఎలా ఉంది? మేక ఈనిందా?

కాగితంలో చోటు అయిపోతోంది, అసలు సంగతి ఇది. కోటు లోపల అమ్మమ్మ పేరు కుడదామని సూది పట్టుకుంటే పేరు గుర్తు రాలేదు. ఆదివారం తమ్ముడు విటెక్ వస్తే అడిగాను. “అమ్మమ్మ పేరు అమ్మమ్మేగా!” అని నవ్వాడు. కాసేపటికి వాడి నవ్వు ఆగిపోయింది.

మేరీమాత మిమ్మల్ని చల్లగా చూడాలి. పేరు వెంటనే రాసి పంపు. నీకూ గుర్తు రాకపోతే, సమాధి రాయి మీద చూసి రాయి.

నీ సెవెరిన