గోడకు తగిలించి లాగవలసిన విల్లు

విల్లులు చేసి బతికిన నేను, నా తెలివి ఇంకా నా దగ్గరే ఉండగా, పక్కన ఎవరూ కూర్చుని చెప్పకుండా, ఈ వీలునామా రాసుకుంటున్నాను. పోయిన చలికాలం నుంచి కుడి చెయ్యి మాట వినడం లేదు. ఇది ఎడమ చేత్తో రాసింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి కాబట్టి బుర్ర కూడా వంకరేనని ఎవరూ వాదించవద్దు. డాక్టరు చూసి బుర్ర బాగుందన్నాడు. ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఏదీ లేదు. ఉందని ఎవరైనా తెస్తే చెల్లదు.

ఇందులోని సంగతులు జరిపించే బాధ్యత మా వీధి తాళాల మేస్త్రీది. అడిగితే, "ముందు నువ్వే పోతావని గ్యారంటీ ఏంటయ్యా" అన్నాడు. తర్వాత ఒప్పుకున్నాడు. పనిగదిలో నా ముక్కాలి పీట ఆయనకు. ఎలాగూ రోజూ దానిమీదే కూర్చుంటున్నాడు.

1. ఇల్లు, ఇంట్లో సామాను నా భార్యకు. ఆమె ఉన్నంత కాలం ఆమెను అక్కణ్ణుంచి కదలమనే హక్కు ఎవరికీ లేదు. కిటికీ దగ్గర కుర్చీ ఆమెది. ఇన్నాళ్లూ అందులో నేనే కూర్చున్నాను, ఒక్కసారి కూడా లెమ్మనలేదు. పనిబల్ల సొరుగులో, గుడ్డలో చుట్టిన చెక్క దువ్వెన ఉంది. పెళ్లయిన కొత్తలో ఆమె కోసం చేశాను. ఇవ్వడానికి మొహమాటం వేసింది. తర్వాత తర్వాత ఇంకా ఎక్కువ వేసింది. ఒక పన్ను విరిగింది. అలాగే పుచ్చుకోమని మనవి.

2. రెండు పిడుల కత్తి, ఆకురాళ్లు, గీకుడు రేకులు, పనిబల్ల మా పెద్దవాడికి. వాడు తలుపులూ కిటికీలూ చేస్తాడు. బాగా చేస్తాడు. విల్లు పని మాత్రం పట్టలేదు. "నాన్నా, నా సరుకు వంగితే తెచ్చి మొహాన కొడతారు, నీది వంగకపోతే కొడతారు, మనిద్దరికీ ఎక్కడ కుదురుతుంది?" అనేవాడు. కుదరలేదు. నా కత్తితో రంగు డబ్బాల మూతలు తీయకూడదు. ఇది షరతు.

3. మా బావమరిది ఒకప్పుడు ముచ్చటపడి నా దగ్గర విల్లు అడిగి తీసుకున్నారు. చుట్టాలకు చూపించడానికి, తాడు దించకుండా వేసవంతా హాల్లో మేకుకు వేలాడదీశారు. తాడు దించని విల్లు అలిసిపోతుంది. వంగింది వంగినట్టే ఉండిపోయింది. పదిమందిలో దాన్ని "మా బావ చేసిన హ్యాంగరు" అన్నారు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఆ విల్లు ఇప్పటికీ ఆయన దగ్గరే ఉంది. దాన్ని ఆయనకే రాస్తున్నాను. చొక్కాలు తగిలించుకోవచ్చు.

4. ఇప్పుడు మా అమ్మాయి దగ్గరున్న విల్లు. అది నాది కాదు, ఏనాడో ఇచ్చేశాను. ఇచ్చేసిన వస్తువు వీలునామాలోకి రాదని తాళాల మేస్త్రీ అన్నాడు. నాకూ తెలుసు. చెప్పుకోవడానికి వేరే చోటు లేక రాస్తున్నాను.

విల్లుకు వేగం, పిడికి పైనా కిందా వంగే రెక్కల చివర్లలో ఉంటుంది. అక్కడ బరువుంటే విల్లు బలమంతా తనను తాను మోసుకోవడానికే పోతుంది, బాణానికి ఏమీ మిగలదు. అందుకని అమ్మాయికిచ్చిన ఆ మల్బరీ కర్ర విల్లు చివర్లు కొంచెం గీకడం, మైదానానికి పోయి బాణం వేయడం, పడ్డచోట పుల్ల పాతడం, మళ్లీ వచ్చి గీకడం. ఎప్పుడూ అదే బాణం. గీకినకొద్దీ పుల్ల ముందుకు జరిగింది. చెక్క దగ్గర ఇక ఇవ్వడానికేమీ లేదనిపించిన చోట ఆపాను. అంత వేగం నా చేతిలో ఇంకే విల్లుకూ రాలేదు. అలాంటిదే ఇంకొకటి చేద్దామని చాలా కర్రలు పాడుచేశాను.

అప్పట్లో అమ్మాయి చెయ్యి ఎంత వెనక్కి పోయేదో అంతవరకే దాన్ని గోడ గూటానికి తగిలించి, తాడు కిందికి లాగి పరీక్షించాను. పనిగది గోడమీద నేను గీసిన ఎర్ర గీత అదే. ఇప్పుడు అమ్మాయి పోటీలకు పోతుంది, మైదానంలో పదిమందికి నేర్పుతుంది. భుజం విచ్చుకుంది. చెయ్యి ఆ గీత దాటి రెండు వేళ్లు వెనక్కి పోతోంది. పోయిన వేసవిలో తాడు మార్చమని విల్లు నా ఒళ్లో పెట్టింది. పై రెక్కకు లోపలివైపు, లాగేవాళ్ల మొహం వైపు, నా గోటికి ఏదో తగిలింది. అడ్డంగా, వెంట్రుకంత ముడత. చెక్క లోపల నలిగితే అలా వస్తుంది. కంటికి ఆనదు, గోటికి ఆనుతుంది.

చెప్పాను. తనూ వేలితో తడిమి, "నాకేం తగలట్లేదు నాన్నా" అంది. తగలదు. చిన్నప్పటి నుంచి గోళ్లు కొరుక్కుంటుంది. వేప రసం పూశాం, కాకరకాయ పూశాం, మానలేదు.

ముడత పడ్డ విల్లు రేపే విరగవచ్చు, ఎన్నేళ్లయినా విరక్కపోవచ్చు. విరిగితే పై రెక్క ముక్క మొహం మీదికే వస్తుంది. ఆ మాటా అన్నాను. "నీ చేతిలో ఉంటే ఇంకా గీకేస్తావు, ఇటివ్వు" అని నవ్వుతూ పట్టుకుపోయింది. అప్పటినుంచి ఇంటికి వస్తే విల్లు తేవడం లేదు. వాళ్లమ్మ చేత చెప్పించాను. నాన్నకు అన్నీ భయాలేనని తల్లికే నచ్చజెప్పి వెళ్లింది. గట్టిగా చెప్పడం నాకు రాదు. దానికి బదులు ఇంకొకటి చేసి పెడదామంటే చెయ్యి లేదు.

5. అటక మీద, ఆరేటప్పుడు చీలకుండా రెండు కొసలకూ మైనం పూసిన మల్బరీ దుంగ అమ్మాయికి, కొత్త విల్లుకు. వేలితో కొడితే గంటలా మోగాలి, అప్పుడు ఆరినట్టు. నిన్న పెద్దవాడి చేత దింపించి కొట్టి చూశాను. ఇంకా మోగలేదు.

6. పనిగది పడమటి గోడ, దానికున్న గూటం, కప్పీ, తాడు అమ్మాయికి. ఇల్లు భార్యకు రాసి గోడ కూతురికి రాయడం కుదరదంటే తాళాల మేస్త్రీ ఏదో ఒక దారి చూస్తాడు.

ఆ విల్లు నాది కాదు కాబట్టి షరతు పెట్టే హక్కు నాకు లేదు, బతిమాలుకుంటున్నాను. తల్లీ, ఒక్కసారి ఆ విల్లు తీసుకుని రా. గూటానికి తగిలించి, విల్లు తాడుకు కప్పీ తాడు ముడెయ్యి. కప్పీ తాడు గుమ్మం బయటికి వచ్చేంత పొడవు కట్టించాను. మీ అన్నయ్య కట్టాడు, ఎందుకో నేను చెప్పలేదు. తలుపు చాటున నిలబడి లాగు. ఎర్ర గీత దాకా కాదు, దాని కింద బొగ్గుతో గీసిన గీత దాకా. అది ఇప్పటి నీ చెయ్యి. నువ్వు బాణాలు వేస్తుంటే దూరం నుంచి చూసి గీశాను. నెమ్మదిగా లాగు, నెమ్మదిగా దించు, ఒక పూటంతా. విల్లు విరక్కుండా నిలిస్తే నాన్న పిరికివాడని ఊరంతా చెప్పుకో, అదే విల్లుతో బాణాలు వేసుకో.

నేనుండగా నువ్వు వినవు. పోయినవాళ్ల మాట వింటారని అంటారు. అందుకే నాకు తొందరగా ఉంది. డాక్టరేమో తొందరేం లేదంటున్నాడు. ఈలోగా అది విరక్కుండా చూసుకోవడం నా చేతిలో లేదు.

ఇంకొక్కటి. ఇది చదివి వినిపించిన రోజు నుంచి ఒక్క బొటనవేలి గోరు కొరక్కుండా ఉంచు. అది పెరిగాకే రా. లాగే ముందు పై రెక్క లోపలివైపు దానితో తడిమి చూడు. తగిలితే లాగనక్కర్లేదు. విల్లును గోడకే వదిలేసి, అమ్మ దగ్గర కాసేపు కూర్చుని వెళ్లు.

ఈ నెల తొమ్మిదో తేదీ, బుధవారం, పనిగదిలో రాసి ముగించాను.

(ఎడమ చేతి సంతకం. పాత కాగితాల మీది కుడి చేతి సంతకంతో పోల్చవద్దు.)

సాక్షులు:
ఎదురింటి దర్జీ. చదవకుండానే సంతకం చేశాడు, చదవవద్దని నేనే అన్నాను.
మందుల షాపు ఆయన. చదివాకే సంతకం చేశాడు.