పీపీ కాల్‌కి నా పేరు చెప్పాలి

సీతారత్నం,

మిరపకాయల బండ్లతో గుంటూరు వెళుతున్నాను. అమ్మాయికి నొప్పులు మొదలైతే సహకార సంఘం ఫోను దగ్గరికి పరిగెత్తు. అక్కడ మనం మిర్చి అమ్మే కమీషన్ కొట్టుకి పీపీ కాల్ బుక్ చెయ్యి. డాక్టరమ్మను కారులో తీసుకొస్తాను. పీపీ అంటే మనిషిని పేరు చెప్పి పిలిపించడం. నేను ఫోను అందుకున్నాకే మూడు నిమిషాల లెక్క మొదలవుతుంది, అప్పటిదాకా మాటల చార్జీ పడదు.

పోయినసారి ఆపరేటరు "ఎవరు కావాలండీ?" అంటే "మా అమ్మాయి నాన్నగారండీ" అన్నావు. మిర్చి కొట్లో నాన్నలకేం కరువు? పేరు లేదని కాల్ రద్దు చేశారు. ఈసారి పానకాలు అని చెప్పు. మొగుడి పేరెత్తితే నా ఆయుష్షేం తగ్గదు, ఎత్తకపోతే పిల్ల ప్రాణం మీదికొస్తుంది. పానకం పేరేగా, నోరు చేదెక్కదులే.

పానకాలు

ఇంకో మాట. పాతికేళ్లుగా నేను విననిది ముందు ఆ ఆపరేటరు వింటాడు, అదే నా ఏడుపు. తిరిగొచ్చాక నాకూ ఒకసారి వినిపించు.