పక్కకు తీసిన పిడికెడు

జూన్ 1, ఆదివారం

మోటారు 1: ఆరు గంటలు. మోటారు 2: నడపలేదు, బేరింగు అరుస్తోంది. ఓల్టేజి 380.

ఇది పంపుహౌస్ లాగ్‌బుక్కులోనూ రాశాను. దాని రిమార్క్స్ గడిలో మిగతావి రాయకూడదు కాబట్టి ఈ పుస్తకం వేరే పెట్టుకున్నాను.

ఈ రోజు ప్రభువు బల్ల. నెలనెలా మొదటి ఆదివారం ఉంటుంది. రొట్టె విరిచే ముందు పాస్టరు జయప్రకాశ్ అయ్యగారు అందరినీ నిబంధన గుర్తు చేసుకోమంటారు. బాప్తిస్మం నాడు మనం దేవుడికి ఇచ్చిన మాట, ఆయన మనకిచ్చిన మాట. ఆ మాట రాగానే నేను లేచి బయటికి వచ్చి బండి దగ్గర నిలబడ్డాను. మార్చి నుంచి ఇదే వరస.

తొమ్మిదేళ్ల కిందట వాగులో నడుములోతు నీళ్లలో నిలబెట్టి అయ్యగారు అడిగిన ప్రతి ప్రశ్నకూ ‘ఒప్పుకుంటున్నాను’ అన్నాను. గట్టు మీద నా భార్య సుబ్బరత్నం నవ్వుతోంది, అందుకే అన్నాను. ప్రార్థనంతా ఆమె చేసేది. నేను పక్కన కూర్చుని చివర్లో ఆమేన్ అనేవాణ్ని. ఫిబ్రవరిలో ఆమె పోయింది. నేనొక్కణ్నే వెళ్తే దేవుడు నన్ను గుర్తుపడతాడా? ఈ సంగతి తేలకుండా బల్ల దగ్గరికి వెళ్లి చెయ్యి చాపడం దొంగతనంలా అనిపిస్తుంది.

గుడి బయట సోమమ్మ పట్టుకుంది. స్త్రీల సమాజానికి పెద్ద, డెబ్బై ఏళ్లుంటాయి, నన్ను తమ్ముడి లెక్కన తిడుతుంది. బల్లేమన్న కరుస్తదా తమ్మీ, గట్ల ఉరుకుతున్నవ్ అంది. మోటారు చూసుకోవాలని చెప్పాను. మోటారుకు గూడ ఆదివారమే ఆకలైతదా అంది.

జూన్ 3, మంగళవారం

అన్నం ఒక పూటే వండుతున్నాను. రాత్రికి అదే.

ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేస్తాను. పిడికిలి బియ్యం. ఇక్కడి సంఘంలో ఆడవాళ్లంతా చేస్తారు. ఏడాది పొడుగునా పోగైంది నవంబరులో కోత పండుగకు గుడికి తీసుకెళ్తారు. మన కుండ కంటే ముందు ఆయన వంతు అని సుబ్బరత్నం పెళ్లికి ముందే మాట ఇచ్చిందట. ఒక్క పూట తప్పలేదు. జ్వరంలో కూడా నా చేత డబ్బా దగ్గరికి తెప్పించుకుని వేసింది.

ఆమె పోయిన నాలుగో రోజు మొదటిసారి అన్నం వండుకుంటూ చెయ్యి దానంతటదే డబ్బా వైపు వెళ్లింది. అప్పట్నుంచి వేస్తున్నాను. మగవాళ్లు వేస్తారో లేదో తెలియదు. ఎవర్నీ అడగలేదు. వేసేటప్పుడు ఏమీ అనను. ఏమనాలో తెలియదు.

జూన్ 4, బుధవారం

కాంటాలో తూచాను. నా పిడికిలి అరవై రెండు గ్రాములు. ఆమెది ఎంతుండేదో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు.

జూన్ 22, ఆదివారం

అయ్యగారు సాయంత్రం పంపుహౌస్‌కు వచ్చారు. ఊరికే వచ్చిన అన్నారు. ఊరికే రారు.

ఎందుకు బయటికి పోతున్నరు పాణిగారూ అని అడిగారు. నమ్మకం ఉందో లేదో తెలియడం లేదని చెప్పాను. అంత పొడుగు మాట ఈ మధ్య ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. మీరు నమ్మకం వచ్చినంక మాట నిలబెట్టుకుందామని చూస్తున్నరు, ముందు మాట నిలబెట్టుకోండి, నమ్మకం ఎటుకెల్లి వస్తదో నేను చెప్పలేను గని వస్తది అన్నారు. రోజూ ఏదన్న చేస్తున్నరా అని అడిగారు. బియ్యం తీస్తున్నానని చెప్పాను. ఎవరు చెప్పిండ్రు అన్నారు. ఎవరూ చెప్పలేదన్నాను.

తీయండి, ఆపకండి అన్నారు. టీ తాగి వెళ్లిపోయారు. ఇంకేదో పెద్ద మాట చెప్తారనుకున్నాను.

జూలై 6, ఆదివారం

బల్ల. బయటికి వచ్చాను. వాన.

జూలై 17, గురువారం, సాయంత్రం 5

మూడు రోజులుగా ఎగువన ఛత్తీస్‌గఢ్ అడవుల్లో కురుస్తోంది. వాగు మట్టం మధ్యాహ్నం నుంచి గంటకు అడుగు చొప్పున లేస్తోంది. కింద గోదావరి కూడా నిండుగా ఉండి వాగును వెనక్కి తంతోంది. ఇరవై రెండేళ్లుగా ఈ నీటిని కొలుస్తున్నాను. ఈ రోజు కొలబద్ద కనబడలేదు. నీళ్లు ఎర్రగా, శబ్దం లేకుండా, పెద్ద జంతువు ఒత్తిగిలినట్టు కదులుతున్నాయి. చూస్తుంటే భయం కంటే ముందు మోకాళ్లు వంచాలనిపించింది.

పంపుహౌస్, నా క్వార్టరు గుట్ట మీద ఉన్నాయి. కింది నుంచి జనం ఎక్కి వచ్చారు. సోమమ్మ కోడిని చంకలో పెట్టుకుని వచ్చింది. రెడ్యా నడిపే షేర్ ఆటో చర్ల సంత నుంచి వస్తూ రోడ్డు తెగి ఆగిపోయింది. అతను, అందులోని ఐదుగురు. అడవి గూడెం నుంచి ఆరుగురు కోయవాళ్లు. వాళ్లలో ఉంగమ్మ అనే అమ్మాయి, ఆమె ఒళ్లో ఇరవై రోజుల పసిగుడ్డు. పసిగుడ్డు కాక, నాతో కలిపి పద్నాలుగు మంది.

కరెంటు లేదు. ఫోన్లు పనిచేయడం లేదు. ఇంట్లో నా బియ్యం ఆరు కిలోలు ఉన్నాయి.

జూలై 18, శుక్రవారం

రెండు పూటలా వండాం. మోటార్లు వచ్చిన చెక్కపెట్టెలు విరగ్గొట్టి పొయ్యిలో పెట్టాం. ఉప్పు, ఎండుమిరపకాయలు. సోమమ్మ కోడిని కొయ్యమని ఎవరో అంటే, నన్ను కొయ్యిండ్రి ముందు అంది. వాగు ఇంకా లేస్తోంది.

జూలై 19, శనివారం, ఉదయం

నా బియ్యం అయిపోయాయి.

ఎవరూ ఏమీ అడగలేదు. ఉంగమ్మ బిడ్డకు పాలు చాలడం లేదు. దాని ఏడుపు సన్నగా, గీసినట్టు ఉంది. ఆమె మాట్లాడేది కోయ, నాకు రాదు. రెడ్యాకు కొంచెం వచ్చు. ఏమంటోందని అడిగితే, ఏమంటది సార్, ఆకలి అంటున్నది, గది నాగ్గూడ అర్థమైతున్నది అన్నాడు.

గదిలో మూలన డబ్బా ఉంది. నవంబరు నుంచి పోగైన పిడికిళ్లు. కాంటా మీద పెట్టాను. పదిహేడు కిలోల పైన.

సోమమ్మ నా వెనకే వచ్చి చూసింది. ముట్టకు తమ్మీ, గది దేవునిది, రత్నం మాట అది, అంది. మరి వీళ్లకేం పెట్టను అన్నాను. నాకు తెల్వదు, నాకు చదువు రాదు, గని దేవునికి పెట్టింది తిన్నోళ్లు ఏమైండ్రో నేను విన్న, పాపమైతే నీ మీదికొస్తది, నా మీదికి రాదు అంది. భయంతో అంది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. ఆమెకూ నిన్నటి నుంచి అర్ధాకలే.

ఇది నాది కాదు. అదే కష్టం. నాదైతే ఆలోచించేవాణ్ని కాదు. ఇది నా భార్య నిలబెట్టిన మాట. నా జీవితంలో నేను తప్పకుండా చేసిన పని కూడా ఇదొక్కటే. ఇది కూడా పోతే ఆయన ముందు నాకంటూ ఏమీ మిగలదు. అడుగుదామంటే అయ్యగారు వాగు అవతల ఉన్నారు.

తలుపు మూసి డబ్బా మూత మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. నోరు తెరిచాను. నా జన్మలో మొదటిసారి.

ఆమె నీకు మాట ఇచ్చింది, నేను మోస్తున్నాను. బయట బిడ్డ ఏడుస్తోంది. ఇది నీది కాబట్టి నిన్నే అడుగుతున్నాను. వండుతాను. తప్పయితే నన్ను అడుగు, ఆమెను కాదు.

అంతే అన్నాను.

ఇప్పుడు రాసేది ఎలా రాయాలో తెలియడం లేదు. గొంతు వినలేదు. వెలుగు కనబడలేదు. కానీ కొత్తవాడితో మాట్లాడినట్టు లేదు. రోజూ చూసే మనిషితో మాట్లాడినట్టు ఉంది. నూట యాభై రోజులుగా రోజుకొకసారి నేను అదే మూల, అదే డబ్బా ముందు, ఆయన కోసం నిలబడ్డాను. అది ప్రార్థన అని నాకు తెలియదు. ఆయనకు తెలిసినట్టుంది. నా మెడ వెనక వెంట్రుకలు లేచాయి. భయం మాత్రం లేదు. వెతికి చూశాను, ఎక్కడా లేదు.

మూత తీశాను.

అదే రోజు, సాయంత్రం

ఒకటి రాయడం మరిచాను. పొద్దున ఎసట్లో పోసే ముందు ఆ బియ్యంలోంచే ఒక పిడికెడు తీసి ఖాళీ గిన్నెలో పక్కన పెట్టాను. కుండ ఎవరిదైనా ముందు వంతు ఆయనదే. సోమమ్మ చూసి నోరు తెరిచింది. దేవుని బియ్యంలకెల్లి దేవునికే తీస్తున్నవా, నీకు పిచ్చి లేసిందా అంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. అన్నం మాత్రం తినలేదు. సాయంత్రం పూట రెండో పిడికెడు పక్కన పెట్టడం చూసి, వచ్చి కంచం ముందు కూర్చుంది.

జూలై 20, ఆదివారం

పై బియ్యంలో ముక్కపురుగులు ఉన్నాయి. చేటలో చెరిగి, ఏరి వండుతున్నాం. రెడ్యా ఏరుతూ, సార్, మీ దేవునికి మటన్ గూడ పెడుతున్నరా అన్నాడు. అందరూ నవ్వారు. గుట్ట ఎక్కాక అందరూ కలిసి నవ్వడం ఇదే మొదటిసారి.

మధ్యాహ్నం చెయ్యి పెడితే పెళుసుగా ఏదో తగిలింది. ఎండిన వేపాకు. పరిచినట్టుగా ఒక వరస. దాని కింద బియ్యం తెల్లగా, ఒక్క పురుగు లేకుండా ఉన్నాయి.

బియ్యంలో వేపాకు వేయాలని నాకు తెలియదు. పైనవి నావి. ఇక్కడి నుంచి కిందవి సుబ్బరత్నం పిడికిళ్లు.

చెయ్యి అలాగే ఉంచాను. సోమమ్మ వచ్చి చూసింది. కొంగు కప్పుకుని పక్కన నిలబడింది.

జూలై 21, సోమవారం

వాగు రెండడుగులు తగ్గింది.

ఇది రాసి పెట్టాలి, ఎందుకంటే తర్వాత ఎవరైనా వేరేగా చెప్పవచ్చు. డబ్బాలో బియ్యం పెరగలేదు. పూట పూటా తూచాను. తిన్నంత తగ్గింది. ఒక్క గింజ ఎక్కువ రాలేదు. ఈ సాయంత్రం డబ్బా బోర్లించి తట్టాను. అయిపోయింది.

ఆ ఆఖరి పూట పిడికెడు తీయబోతుంటే ఉంగమ్మ బిడ్డను సోమమ్మకు ఇచ్చి వచ్చింది. నా చెయ్యి పక్కకు జరిపి తనే తీసింది. చిన్న చెయ్యి. గిన్నెలో వేసి నా వైపు చూసింది. ఎందుకో, ఎవరికో ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేను తలూపాను. ఆమె ఏదో అంది. రెడ్యా ఈసారి తర్జుమా చేయలేదు. నేనూ అడగలేదు.

జూలై 22, మంగళవారం

పొద్దున గిన్నెలో ఉన్నవి ఆరు పిడికిళ్లు. మూడు రోజులు, ఆరు కుండలు. అవి తప్ప ఇంట్లో గింజ లేదు.

ఈసారి తలుపు మూయలేదు. అందరి ముందే ఆయన్ని అడిగాను. గొంతు పెద్దగా రాలేదు, కానీ ఆగలేదు. ఒక పిడికెడు ఖాళీ డబ్బాలో వేశాను. ఇంత పెద్ద డబ్బాలో అంత చప్పుడవుతుందని తెలియదు. మిగతా ఐదింటితో జావ కాచాం. మనిషికి అరగ్లాసు. ఉంగమ్మకు రెండు గ్లాసులు.

పదింటికి సాయం బియ్యంతో ట్రాక్టరు వచ్చింది.

జూలై 25, శుక్రవారం

మోటారు 1: మూడు గంటలు. బురద నీరు. ఫిల్టరు రెండుసార్లు కడిగాను.

అయ్యగారు వచ్చారు. ఎలా మొదలుపెట్టాలా అని నేను చూస్తుంటే సోమమ్మ ముందే అందుకుంది. అయ్యగారూ, దేవుని బియ్యం మొత్తం తిన్నం, గీ పాణయ్య వండిండు, నేను గూడ తిన్న, రెండో మారు ఏయించుకొని మరీ తిన్న, ఏం శిక్షనో ఇద్దరికి కలిపి ఎయ్యిండ్రి అంది.

పాపం నీ మీదికి రాదన్నావుగా అన్నాను. అవ్, అప్పుడు తిన్లేదు గద అంది.

అయ్యగారు డబ్బా మూత తీసి చూశారు. అడుగున ఆ ఒక్క పిడికెడు. దాని మీద తర్వాత మూడు రోజులవి. వంగి ఆ గింజల్ని వేలితో తాకారు. లేచేటప్పటికి ముఖం వేరేగా ఉంది. ఏదైనా వాక్యం చెప్తారనుకున్నాను. చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చి మళ్లీ అక్కడే నిలబడ్డారు. ముందు విడవడం మరిచానని చిన్నగా అన్నారు.

ఆయన వెళ్లాక గుట్ట కింది చెట్టు నుంచి వేపాకు తెచ్చి ఎండబెట్టాను.

ఆగస్టు 3, ఆదివారం

బల్ల. నిబంధన గుర్తు చేసుకోమన్నారు. లేవలేదు. వరసలో నిలబడ్డాను. నా వంతు వచ్చినప్పుడు ‘ఉన్నాను’ అన్నాను. చెయ్యి చాపాను.

బయటికొచ్చాక సోమమ్మ, నిన్నెవలు పిలిచిండ్రని గట్ల పలికినవ్ తమ్మీ అని అడిగింది. ఆ పిలుపు ఆమెకు వినబడలేదట.