నడుం ఎత్తుకి దిగే ర్యాక్

ఏమండీ,

నాకు డ్యూటీకి టైమైపోయింది. పికప్ బండికి పడవల ర్యాక్ బిగించే మెకానిక్ పదింటికి వస్తాడు. రెండు రకాలూ తెస్తానన్నాడు. క్యాబిన్ మీదికి ఎత్తి పెట్టేది వద్దని చెప్పండి. పక్కకి వంగి నడుం ఎత్తు దాకా దిగేదే బిగించమనండి. మన రెండు కయాక్ పడవలూ అందులో పడతాయి, నేను టేపు పెట్టి కొలిచాను.

"అది ముసలాళ్లకి" అని మొన్న షాపులో మొహం మాడ్చుకున్నారు. పోనీ, మా ఆవిడ కోసమని చెప్పండి. నాకేం నామోషీ లేదు.

సోమవారం వంటింటి కిటికీలోంచి మిమ్మల్ని చూశాను. కయాక్‌ని మూడుసార్లు ఎత్తబోయారు. ఎడమ చెయ్యి మాట వినలేదు. మూడోసారి అది జారి పడితే, పక్కనే నేల మీద కూర్చుండిపోయారు. నేను బయటికొచ్చి కయాక్ మీద ఆ గీతేమిటని అడిగితే, గేటు తగిలిందన్నారు. నేనూ "అలాగా" అని ఊరుకున్నాను. నన్నొక్క కేక వేస్తే రెండో కొస పట్టుకునేదాన్ని కదా! పద్దెనిమిదేళ్లు కలిసి మోసినదాన్ని, ఇప్పుడు పరాయిదాన్నయ్యానా?

మధ్యాహ్నం మాత్ర మర్చిపోకండి.

తా.క. మిమ్మల్ని అనే హక్కు నాకూ లేదు. ఆ చెయ్యి ఇక బాగుపడదని, కుడిచెయ్యి కూడా నెమ్మదిగా అదే దారి పడుతుందని డాక్టరుగారు పోయిన వారమే నాతో అన్నారు. మీ ఎదురుగా చెప్పడానికి నోరు రాక ఇక్కడ రాస్తున్నాను. సాయంత్రం త్వరగా వచ్చేస్తాను. ఆదివారం సరస్సుకి వెళ్దాం. మీరు తెడ్డు వేయగలిగినంత దూరం వెళ్దాం, అక్కడి నుంచి మీ కయాక్‌ని నా దానికి కట్టుకుని నేను లాక్కొస్తాను.